ఆరు పలకల ఉంగరాలు

పడవకు బిగించే నట్టుకీ, వేలికి పెట్టుకునే ఉంగరానికీ పెద్ద తేడా ఏముందనేవాడు నీలకంఠం. రెండింటికీ నడుమ బొక్క ఉండాలి, రెండూ వదులు కాకూడదు. ఆ మాట నవ్వుతూ అనేవాడు. అనడం ఎందుకు మానేశాడన్నదే ఈ కథ.

విశాఖపట్నం పాతఊళ్ళో, కోటవీధి దిగువన, చేపల రేవుకు పోయే దారిలో గవర్రాజు మేస్త్రీ లేత్ షాపు ఉండేది. రేకుల పాక, మట్టినేల, గుమ్మంలో ఎప్పుడూ ఇనప తుక్కు. పడవల వాళ్ళు విరిగిన ఇరుసులూ, అరిగిన మరలూ పట్టుకొచ్చి అక్కడ బాగు చేయించుకునేవారు. నీలకంఠం అందులో పనివాడు. అతనిది అచ్యుతాపురం పక్క పల్లె. ఇంటికి కొంచెం మెట్ట ఉండేది గానీ, వాన పడితే చోడి పంట, లేకపోతే లేదు. అన్నదమ్ములు పంచుకుంటే ఎవరి నోటికీ అందదని, పెళ్ళయిన ఏడాదే భార్య గౌరీశ్వరిని తీసుకుని పట్నం వచ్చేశాడు.

పనిలో చేరిన మొదటిరోజే మేస్త్రీ గోడకున్న మేకు చూపించాడు.

"ఉంగరం, తాయెత్తు, గడియారం, ఏదున్నా దానికి తగిలించీసి మిషను కాడికి రావాల. మిషనుకి కళ్ళు నేవు. దానికి ఇనప ముక్కా ఒకటే, నీ యేలూ ఒకటే."

నీలకంఠం ఆ మాట మరిచిపోలేదు. మరిచిపోయుంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు. తెలియక చేసిన తప్పుకి ఏడ్చి ఊరుకోవచ్చు.

అతను చేసిన మొదటి ఉంగరం గౌరీశ్వరికే. పెళ్ళిలో ఆమె వేలికి ఏమీ పెట్టలేకపోయాడు. షాపు తుక్కులో ఒకరోజు ఇత్తడి నట్టు దొరికింది. తుక్కులో ఉన్నది నువ్వే తీసుకోరా అని మేస్త్రీ ముందే చెప్పి ఉన్నాడు. నట్టు లోపలి మరలు చెక్కేసి, వేలికి సరిపడా తొలిచి, అంచులు ఆకురాయితో దించి, గరుకు కాయితంతో రుద్ది, చివరికి చింతపండు పెట్టి తోమాడు. బయట ఆరు పలకలు మాత్రం అలాగే ఉంచాడు. గౌరీశ్వరి దాన్ని వేలికి పెట్టుకుని, చెయ్యి దూరంగా చాపి, ఒక్కొక్క పలకా ఎండకి తిప్పి చూసుకుంది.

"బంగారం కాదు కదేటి?" అంది.

"కాదు. నట్టు."

"నట్టయినా నాకోసం సేసినావు కదా మావా," అంది.

ఆ ఉంగరాన్ని నీళ్ళ కొళాయి దగ్గర పది మంది చూశారు. అక్కణ్ణించి మొదలైంది. వాషర్లు కొట్టి పల్చన చేసి చెవులకు దిద్దులు చేశాడు. సైకిలు గొలుసులోని లింకులు విప్పి, రాగితీగతో మళ్ళీ అల్లి చేతికి పట్టా చేశాడు. రెండు చెవులుండే నట్టుని సానపట్టి, నడుమ ఎర్ర పూస అతికిస్తే అచ్చం సీతాకోకచిలక లాకెట్టు. కానీ జనం ఎగబడింది మాత్రం ఆరు పలకల ఉంగరం మీదే. రేవులో కూలీలు, రిక్షావాళ్ళు, బస్సు డ్రైవర్లు అడిగి మరీ చేయించుకున్నారు. పలక మీద పేరులోని మొదటి అక్షరం చెక్కించుకోవడం ఒక సరదా అయింది. నీలకంఠం కూడా ఒకటి పెట్టుకున్నాడు. పని మొదలెట్టే ముందు మాత్రం దాన్ని తీసి మేకుకి తగిలించేవాడు.

ఆ రోజుల్లోనే దాలయ్య అతనికి దగ్గరయ్యాడు.

దాలయ్య జాలారిపేట మనిషి. తాతల కాలం నుంచీ తెప్పల మీద వేటాడిన కుటుంబం. కొత్త రేవు కట్టి మరబోట్లు వచ్చాక ఒక షావుకారి బోటులో వించ్ దగ్గర పనికి కుదిరాడు. సముద్రం అడుగున ఉన్న వలని ఇనప తాడుతో పైకి లాగే యంత్రం అది. తాడు డ్రమ్ముకి చుట్టుకునేటప్పుడు వరసలు తప్పకుండా చూడడం అతని పని. ఆ వించ్ నెలకోసారైనా ఏదో ఒకటి విరగ్గొట్టుకునేది. ఆ ముక్క భుజాన వేసుకుని దాలయ్య షాపుకొచ్చేవాడు. పని అయ్యేదాకా గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తూ సముద్రం సంగతులు చెప్పేవాడు. వెళ్ళేటప్పుడు కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్ళు గౌరీశ్వరికిమ్మని ఇచ్చేవాడు. కులాలు వేరైనా నెల తిరక్కుండానే ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు. దాలయ్య భార్య పోతమ్మ నీలకంఠాన్ని అన్నా అని పిలిచేది.

"నాకూ ఒక ఉంగరం సెయ్యి బావా," అన్నాడు దాలయ్య ఒకరోజు. "ఇత్తడిది మాకు పనికిరాదు. ఉప్పునీళ్ళకి యేలంతా పచ్చబడిపోతాది. ఎప్పటికీ తుప్పట్టనిది కావాల."

నీలకంఠానికి పట్టుదల వచ్చింది. పూర్ణా మార్కెట్ వెనక పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, ఏదో పెద్ద ఓడ విప్పినప్పుడు వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు నట్టు పట్టుకొచ్చాడు. అది ఇత్తడిలా మాట వినే లోహం కాదు. లేత్ మీద పెడితే పనిముట్టు మొన విరిగింది. ఇంకొకటి విరిగింది. మేస్త్రీ తిట్టాడు. నీలకంఠం వదల్లేదు. రోజూ పనయ్యాక కూర్చుని రుద్దగా రుద్దగా అది అద్దంలా తయారైంది. ఒక పలక మీద 'దా' అని చెక్కాడు.

దాలయ్య వేలికి అది బిగుతుగా, సరిగ్గా సరిపోయింది.

"వంగదు, ఇరగదు," అన్నాడు నీలకంఠం, తన పని తనకే ముద్దొచ్చి. "నువ్వొగ్గీసినా అది నిన్నొగ్గదు బావా."

మర్నాడే దాలయ్య మరో బోటు మనుషులిద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళకీ అలాంటివే కావాలట. నీలకంఠం వాళ్ళ వేళ్ళ కొలతలు తీసుకుని, లేత్ దగ్గరికి వెళ్ళబోతూ అలవాటుగా తన ఉంగరం తీసి మేకుకి తగిలించాడు. దాలయ్య అది చూశాడు.

"అదేటి బావా, నీది నువ్వే తీసెత్తన్నావు?"

అడగడంలో అనుమానమేమీ లేదు. ఊరికే అడిగాడు. నీలకంఠం నోటి చివరికి నిజమే వచ్చింది. మిషను దగ్గర ఉంగరం ఉండకూడదని, వించ్ కూడా మిషనే కదా అని. కానీ ఆ ఇద్దరూ పక్కనే నిలబడి ఉన్నారు. ఇప్పుడా మాట అంటే వాళ్ళిటునుంచిటే తిరిగి వెళ్ళిపోతారు. కష్టపడి సాధించిన స్టీలు పని మొదట్లోనే ఆగిపోతుంది.

"నూనంటితే మెరుపు పోతాది," అన్నాడు.

దాలయ్య తలూపాడు. తన ఉంగరాన్ని లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.

రెండు మూడు రోజులు ఆ అబద్ధం నీలకంఠాన్ని కాలిలో ముల్లులా గుచ్చింది. ఈసారి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాడు. దాలయ్య వచ్చాడు, నవ్వాడు, బీడీ కాల్చాడు, వెళ్ళాడు. చెప్పే వీలు రాలేదని కాదు. మొదట ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఆ తరవాత పనుల్లో పడి ముల్లు ఉన్న సంగతే మరిచిపోయాడు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, బోటు కూలీ ఒకడు రొప్పుతూ షాపులోకి వచ్చాడు.

"నీలకంఠమన్నా, బేగి రా. దాలయ్య యేలు వించ్‌లో పడిపోనాది. ఉంగరం ఊడట్నేదు. పెద్దాసుపత్రిలో కొయ్యలేకపోతన్నారు. సేసినోడు ఎవడో వాణ్ణే తెమ్మన్నారు."

నీలకంఠానికి ఆ మాటలన్నీ వినిపించాయి గానీ చివరిది మాత్రం చెవిలో ఉండిపోయింది. చేసినోడెవడో వాణ్ణే తెమ్మన్నారు. మేస్త్రీ అతని చేతిలో ఇనుము కోసే హాక్సా బ్లేళ్ళు పెట్టి, పల్చటి రేకు ముక్క కత్తిరించి ఇచ్చి రిక్షా ఎక్కించాడు. బయల్దేరుతూ అలవాటుగా మేకు మీంచి తీసి పెట్టుకున్న తన ఉంగరాన్ని నీలకంఠం దారిలో తీసి జేబులో వేసుకున్నాడు. ఎవరూ చూడకుండా తీశాడు. ఎవరు చూస్తారని?

దాలయ్య బల్ల మీద పడుకుని ఉన్నాడు. తాడు ఉంగరాన్ని పట్టుకుని లాగింది. బంగారమైతే సాగేది, ఇత్తడైతే వంగేది. ఇది రెండూ చెయ్యలేదు. వేలి తోలు లేచి, ఎముక నలిగి, ఉంగరం కణుపు కింద ఇరుక్కుపోయింది. ఒడ్డుకి వచ్చేసరికే వేలు నల్లబడి వంకాయలా వాచింది. ఒక పలక మీద తాడు గీరిన గీత తప్ప ఉంగరానికి ఏమీ కాలేదు.

"మా దగ్గరున్న కట్టరు బంగారానికీ వెండికీ పనికొస్తుంది," అన్నాడు డాక్టరు. "ఇది లొంగడం లేదు. వాపు పక్కవేళ్ళకి పాకుతోంది. నువ్వు కోయగలవా?"

"కోత్తాను బాబూ."

"ఒకవైపు కోస్తే చాలదా?"

"సాలదు. ఇది ఇప్పుకోదు. రెండేపులా కొయ్యాల."

ఉంగరం కింద రేకు ముక్క దూర్చాడు. అది దూరేటప్పుడు దాలయ్య అరిచిన అరుపుకి బయట వరండాలో పోతమ్మ ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. నర్సు చల్లటి నీళ్ళు పోస్తూ ఉంటే నీలకంఠం బ్లేడు ఆడించాడు. తన చేత్తో రుద్ది నునుపు చేసిన పలక మీదే పళ్ళు జారిపోతున్నాయి. గట్టిగా నొక్కితే వేలికి తగులుతుంది, నొక్కకపోతే కోత పడదు. ఒక బ్లేడు మొండిబారింది. ఇంకొకటి తీశాడు. 'దా' అన్న అక్షరం నడుమగా కోత దిగింది.

దాలయ్య కళ్ళు తెరిచి అతణ్ణి పోల్చుకున్నాడు. మత్తుమందు ఇచ్చినా నొప్పి తెలుస్తూనే ఉంది.

"నీ పని గట్టిది బావా," అన్నాడు, నవ్వబోతూ.

నీలకంఠం తల ఎత్తలేదు. రెండో వైపు కూడా కోత పూర్తయ్యాక ఉంగరం రెండు ముక్కలై పళ్ళెంలో పడింది. డాక్టరు అతని భుజం తట్టి బయటికి పంపేశాడు. ఆ సాయంత్రమే వేలు మొదలంటా తీసేశారు. చెయ్యి మాత్రం దక్కింది.

పోతమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వు రాకపోతే సెయ్యే పోయేదన్నారు డాట్రుబాబు. నీ రునం ఎలా తీర్సుకుంతానన్నా!"

చేతులు వెనక్కి లాక్కోవడానికి కూడా ధైర్యం చాలక, నీలకంఠం అలాగే నిలబడ్డాడు.

ఆ మాట రేవంతా పాకింది. లేత్ షాపు నీలకంఠం దాలయ్య చేతిని కాపాడాడని చెప్పుకున్నారు. ఆస్పత్రి కట్టరుకే లొంగని ఉంగరం చేశాడని కూడా చెప్పుకున్నారు. వారం తిరక్కుండా షాపు ముందు కొత్తవాళ్ళు నిలబడ్డారు. దాలయ్య పెట్టుకున్నలాంటిదే కావాలి, అంత గట్టిదే కావాలి అన్నారు. నీలకంఠం స్టీలు దొరకట్లేదని చెప్పి పంపేశాడు. అదీ అబద్ధమే. ఆ నెలలో అతను ఇంట్లో సరిగా అన్నం తినలేదు. గౌరీశ్వరి ఎదురుగా కూర్చుంటే ఆమె వేలి మీది ఇత్తడి పలకలు కనిపించేవి. కంచంలోకి చూస్తూ తినేవాడు.

దాలయ్య కట్టు విప్పాక పనికి వెళితే షావుకారు రానివ్వలేదు. వించ్ దగ్గర ఉంగరం పెట్టుకు నిలబడిన అజాగ్రత్త మనిషి నాకొద్దు అన్నాడట. దాలయ్య ఎదురు చెప్పలేదు. తప్పు నాదే కదా అని తలొంచుకుని వచ్చేశాడు. రేవులోనే మంచుగడ్డలు కొట్టి, చేపల బుట్టల్లో పోసే పనికి కుదిరాడు. నాలుగు వేళ్ళ చెయ్యి సుత్తి మీద నిలవక, మొదట్లో ఎడమచేత్తో కొట్టేవాడు. ఈ సంగతి చెప్పింది పోతమ్మ.

"ఎంత పరాగ్గా ఉన్నాడో సూడన్నా," అంది. "తెలిసిన మిషను కాడ అలాగెలా నిలబడ్డాడో!"

నీలకంఠం ఆ రాత్రి గౌరీశ్వరికి అంతా చెప్పాడు. మేస్త్రీ మేకు చూపించిన దగ్గర్నుంచీ, నూనంటితే మెరుపు పోతుందన్న మాటదాకా. ఆమె తన ఉంగరం తీసి గూట్లో పెట్టింది.

"నాను మిషను కాడకి ఎల్లను, నాకేటీ అవదు," అంది. "అయినా పెట్టుకోలేను మావా. దాలయ్యకి సెప్పీ."

"సెప్తాను."

చెప్పలేదు. దానికి బదులు ఇంకో పని పెట్టుకున్నాడు. తను చేసిన ఉంగరాలన్నీ వెనక్కి తీసుకోవాలనుకున్నాడు. ఆదివారాలు షాపు లేనప్పుడు బయల్దేరి, ఎవరెవరికి చేశాడో గుర్తు తెచ్చుకుంటూ ఊరంతా తిరిగాడు. ఇచ్చిన డబ్బు తిరిగిస్తానన్నాడు, బదులు వేరే వస్తువు చేసిస్తానన్నాడు. కొందరు విచిత్రంగా చూసి ఇచ్చేశారు. కొందరు పిచ్చి పట్టిందన్నారు. దాలయ్యతో వచ్చిన ఆ ఇద్దరూ వాటిని దాలయ్యకి దెబ్బ తగిలిన రోజే సముద్రంలో పారేశామన్నారు. మద్దిలపాలెం డిపోలో బస్సు డ్రైవరు శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళితే అతను పెద్దగా నవ్వాడు.

"స్టీరింగు తిప్పేవోణ్ణి, నాకేటవుతాది? నచ్చి సేయించుకున్నాను, ఇవ్వను పో."

"బస్సు ఎక్కీటప్పుడు తలుపు కమ్మీ పట్టుకుంతావు కదా. కాలు జారితే ఉంగరం కమ్మీకి తగులుకుంటాది. నీ బరువంతా ఆ ఒక్క యేలి మీద పడతాది," అన్నాడు నీలకంఠం.

శ్రీరామ్మూర్తి నవ్వు ఆగిపోయింది. సబ్బునీళ్ళు తెప్పించి అక్కడే ఉంగరం ఊడదీశాడు. ఇస్తూ ఇస్తూ అడిగాడు, "మరీ మాట సేసినపుడే సెప్పొచ్చు కదా?"

నీలకంఠం ఉంగరాన్ని సంచీలో వేసుకుని డిపో గేటు దాటాడు.

పూర్ణా మార్కెట్‌లో కూరగాయలమ్మే సీతాలు మొగుడు ఉంగరం చేయించుకున్నాడని గుర్తొచ్చి అక్కడికి వెళ్ళాడు. ఆ మనిషి అంతకుముందు వేసవిలోనే కామెర్లతో పోయాడట. సీతాలు మెడలో నల్లదారం, దారానికి ఆరు పలకల ఉంగరం.

"ఇదొక్కటే ఉండిపోనాది బాబూ ఆడిది," అంది. "ఇవ్వమంటావా?"

నీలకంఠం దారం పట్టుకుని చూశాడు. పాత నూలు దారం. గట్టిగా లాగితే తెగిపోతుంది.

"వద్దమ్మా. ఉంచుకో. ఈ దారమే ఉంచు. గట్టి తాడు మాత్తరం ఎయ్యకు," అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి సంచీలో ఉంగరాలు గలగలమన్నాయి. గౌరీశ్వరి ఆ సంచీ వైపు చూసింది.

"ఊరంతా తిరుగుతన్నావు గానీ, ఎల్లాల్సిన ఇంటికి ఎల్లటం నేదు," అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. దాలయ్య రేవులో మంచు కొట్టే షెడ్డు దగ్గర ఉన్నాడు. నీలకంఠాన్ని చూసి సుత్తి పక్కన పెట్టి, బీడీ తీసి, ఒకటి అతనికి కూడా ఇవ్వబోయాడు. నీలకంఠం అందుకోలేదు. నిలబడే చెప్పాడు. ఎక్కడా మెత్తబరచలేదు. మిషను దగ్గర ఉంగరం ఉండకూడదని తనకి మొదటిరోజు నుంచీ తెలుసనీ, అందుకే తనది తీసేవాడిననీ, దాలయ్య అడిగినప్పుడు ఆ ఇద్దరూ పోతారన్న భయంతో అబద్ధమాడాననీ చెప్పాడు.

దాలయ్య బీడీ వెలిగించుకోలేదు. చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"నాను అడిగినాను," అన్నాడు చివరికి.

"అడిగినావు."

"నూనంటుతాదని సెప్పినావు."

"అవును."

"షావుకారు నలుగురిలో అజాగర్తోడని తిడితే తలొంచుకు నిలబడ్డాను. మా ఆడది ఏడిస్తే, నా యేలు నానే తినీసినానే అని సెప్పినాను. ఇన్నాళ్ళూ రోజూ నన్ను నానే తిట్టుకున్నాను." గొంతు పెద్దది కాలేదు. అదే నీలకంఠానికి భరించలేనిదయింది. "నువ్వు ఎదురుగుండానే ఉన్నావు. ఆస్పత్రిలో మా ఆడది నీ సేతులు కళ్ళకద్దుకుంది. అప్పుడైనా నోరు లేవనేదు."

"లేవనేదు."

"ఇప్పుడెందుకు సెప్పినావు? నీ బరువు దించుకోడానికా?"

నీలకంఠం కాదనలేకపోయాడు. కొంత అదే నిజం.

"షావుకారి కాడకి వస్తాను. తప్పు నాదని సెప్తాను," అన్నాడు.

"నానే సెప్పుకుంతాను. నువ్వెల్లు నీలకంఠం."

బావా అనలేదు. దాలయ్య వంగి సుత్తి తీసుకున్నాడు. ఎడమచేత్తో మంచుగడ్డ మీద కొట్టాడు. ముక్కలు నీలకంఠం కాళ్ళ మీద పడ్డాయి. దాలయ్య వద్దన్నా అతను నేరుగా షావుకారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాడు. షావుకారు విని, పెట్టుకున్నోడికి బుద్ధుండాలి కదా అనేసి లెక్కల్లో పడిపోయాడు. ఆ ఉద్యోగం తిరిగి రాలేదు.

పోతమ్మ ఒకసారి షాపుకొచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"సేతులు కళ్ళకద్దుకున్నాను సూడు, ఆ పని ఎనక్కి తీసుకోడం కుదరదు కదా," అంది. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. దాలయ్య నోట అంత కోపం వచ్చినా నీలకంఠం తట్టుకున్నాడు గానీ, ఈ మాటకి ఆ రోజు లేత్ ఆపేసి ఇంటికి పోయాడు.

రోజులు పోయాయి. అటు బాలచెరువు వైపు ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్నాయి. పల్లెలనుంచి జనం గాజువాక దారి పట్టారు. గవర్రాజు మేస్త్రీకి చూపు మందగించి షాపు నీలకంఠానికి అప్పజెప్పాడు. వేలికి పెట్టుకునేది నీలకంఠం మళ్ళీ ఏదీ చెయ్యలేదు. వెనక్కి తెచ్చిన ఉంగరాలన్నీ కరిగించి తలుపు గడియలు పోయించాడు, స్టీలువి మాత్రం కరగవని మేస్త్రీ తుక్కులో అమ్మేశాడు. మెడ గొలుసులూ చెవి దిద్దులూ మాత్రం కొన్నాళ్ళకి మళ్ళీ చేశాడు. ఆడవాళ్ళు అడిగితే కాదనలేకపోయాడు. ఒక్క మార్పు చేశాడు. ప్రతి గొలుసులోనూ ఒక కొలికి మెత్తటి రాగితీగతో వేసేవాడు. ఎక్కడైనా తగులుకుని లాగితే ముందు ఆ కొలికే విడిపోతుంది. నీలకంఠం గొలుసులు తెగిపోతాయని పేరొచ్చింది. కొనేటప్పుడే చెప్పేవాడు.

"లాగితే తెగుతాది. తెగాలనే సేసినాను. తెగితే పట్రా, ఊరికే ఏసిత్తాను."

ఒకామె ఉత్సవంలో తోపులాటలో గొలుసు తెగి పోయిందని వచ్చి గొడవ చేస్తే, నీలకంఠం ఇంకొకటి ఇచ్చి పంపాడు. గౌరీశ్వరి అది చూసి, ఇలాగైతే వ్యాపారం అయినట్టే అని నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వినా లోపల తేలికపడింది లేదు. గొలుసుకి పెట్టిన జాగ్రత్త వేలికి పెట్టలేకపోయానన్న మాట ప్రతి రాగి కొలికి దగ్గరా గుర్తొచ్చేది.

దాలయ్య కొన్నేళ్ళు మంచు కొట్టాడు. తరవాత వేరే షావుకారి బోటులో చేరి, నడపడం నేర్చుకుని డ్రైవరయ్యాడు. దారిలో నీలకంఠం ఎదురైతే చూసేవాడు గానీ ఆగేవాడు కాదు. బోటు సామాను బాగు చేయించాల్సి వస్తే కూలీ చేత పంపేవాడు. నీలకంఠం ఆ పని అందరికన్నా ముందు చేసి పంపేవాడు. దానికి తక్కువ తీసుకుంటే ఎందుకని దాలయ్య ఎప్పుడూ అడిగించలేదు, మిగిలింది మాత్రం మళ్ళీ పంపించేవాడు.

ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఊరివాళ్ళ కళ్ళకి అలవాటైన రోజుల్లో, ఒక ఉదయం దాలయ్య షాపు గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఇద్దరు మనుషులున్నారు. కొత్తగా బోటు ఎక్కబోతున్నవాళ్ళు. భీమిలి వైపునుంచి వచ్చారు. ఒకడి వేలికి వెండి ఉంగరం.

నీలకంఠం లేత్ ఆపి బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఈలు వించ్ మీద సేరతన్నారు," అన్నాడు దాలయ్య. "నాను సెప్తే ఇనరు. ముసిలోడు అన్నీ సెప్తాడనుకుంతారు. నువ్వు సెప్పు."

"ఏటి సెప్పాల?"

"నాకు సెప్పకుండా ఉంచినావు కదా. అది."

గౌరీశ్వరి షాపు పక్క ఇంట్లోంచి మంచినీళ్ళు తెచ్చింది. నీలకంఠం అవి తాగి చెప్పడం మొదలెట్టాడు. నట్టు దగ్గర్నుంచీ చెప్పాడు. స్టీలు వంగదని తను మురిసిపోయింది, దాలయ్య అడిగింది, తను అన్నది, తాడు పట్టింది, బ్లేడు జారింది. దాలయ్య పక్కనే నిలబడి అంతా విన్నాడు. అడక్కముందే తన కుడిచెయ్యి వాళ్ళ ముందు చాపాడు. వెండి ఉంగరంవాడు ఆ చెయ్యి చూసి, తన ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. రెండోవాడు నీలకంఠం వైపు తిరిగాడు.

"అన్నీ తెలిసి అప్పుడు సెప్పనేదేటి?"

"అమ్ముకోవాలని," అన్నాడు నీలకంఠం.

ఆ ఇద్దరూ రేవు వైపు కదిలారు. దాలయ్య మాత్రం గుమ్మంలోనే ఒక్క నిమిషం ఆగాడు. జేబులోంచి బీడీ కట్ట తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"వచ్చే నెల ఇంకో బోటుకి మనుషులొస్తారు," అన్నాడు. "పట్టుకొత్తాను. ఉంటావా?"

"ఉంటాను," అన్నాడు నీలకంఠం.

దాలయ్య తలూపి, ముందు వెళ్ళినవాళ్ళని కేక వేసి ఆపి, రేవుకి దిగిపోయాడు.